విమానం ఎక్కే ముందు మద్రాసులో మూడు రోజులు: నెల్లూరు, ఒంగోలు వాళ్ళు ఎలా గడపాలి

1. ముందు టికెట్ మీద టైము చదవండి

తేదీ అందరూ చదువుతారు, టైము చదవరు. మద్రాసు నుంచి బయటి దేశాలకి పోయే విమానాల్లో చాలామటుకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి, పన్నెండున్నరకో, రెండింటికో, నాలుగింటికో. టికెట్ మీద 14వ తేదీ 01:55 అని ఉందంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 13వ తేదీ రాత్రి పదింటికి. ఇందులో పెద్ద లెక్కేమీ లేదు గానీ, డిగ్రీలు చదివిన ఆరుగురం ఉన్న మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

మా చిన్న బామ్మర్ది మొదటిసారి కువైట్ వెళ్ళేటప్పటి మాట. 13వ తేదీ సాయంత్రం అందరం కోవూరులో ఇంట్లోనే ఉన్నాం. మా అత్త మూకుడు ముందు కూర్చుని అరిసెలు ఒత్తుతోంది, వాడు అప్పుడే కటింగ్ చేయించుకుని వచ్చి మెడ మీద వెంట్రుకలు దులుపుకుంటున్నాడు. ఎనిమిదింటికి ఫోనుకి మెసేజి వచ్చింది, మీ విమానానికి ఇంక ఆరు గంటలే ఉంది అని. వాడు చూసి, "వీళ్ళ మెసేజులు ఎప్పుడూ ఒకరోజు ముందే వస్తాయి" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. పావుగంట తర్వాత మా ఆవిడకి ఎందుకో అనుమానమొచ్చి టికెట్ తెప్పించి చదివింది. "ఒరే అబ్బయా, ఇది ఈ రాత్రికేరా" అంది. మూకుట్లో అరిసె మాడిపోతున్నా ఎవరూ చూడలేదు. తొమ్మిదింటికి బండి కదిలింది, సూళ్ళూరుపేట దాకా ఎవరూ నోరు విప్పలేదు, రెడ్‌హిల్స్ దగ్గర లారీల మధ్య నలభై నిమిషాలు ఇరుక్కున్నాం, ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒకటీ పది. కౌంటర్ పదిహేను నిమిషాల కిందటే మూసేశారు. బోర్డు మీద వాడి విమానం నంబరు ఇంకా వెలుగుతూనే ఉంది. మళ్ళీ టికెట్‌కి ముప్పై ఎనిమిది వేలు అయింది, ఆ ముప్పై ఎనిమిది వేలని మా మామ ఇప్పటికీ పండక్కి పండక్కి గుర్తుచేస్తాడు.

అప్పట్నుంచి మా వైపు ఎవరు బయటి దేశం పోతున్నా నన్ను అడగడం మొదలుపెట్టారు, నేనూ ఒకటే చెప్తున్నాను. మూడు రోజుల ముందు మద్రాసు చేరండి. మొదటి రెండు రోజుల్లో పనులన్నీ తెమల్చుకోండి. మూడో రోజుని ఖాళీగా వదిలేయండి. ఇక్కడ రాసేదంతా ఆ ఖాళీ రోజుని ఎట్లా కాపాడుకోవాలన్నదే. (చెన్నై అనాలి, తెలుసు. మా నోట మద్రాసనే వస్తుంది, అట్లాగే రాస్తాను.)

2. మద్రాసా, హైదరాబాదా

నెల్లూరు, కావలి, గూడూరు వాళ్ళకి ఆలోచించే పని లేదు, మద్రాసే. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్ళకి రెండూ మూడొందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ, కాబట్టి దూరం చూడకుండా టికెట్ రేటూ, బంధువులూ ఎక్కడుంటే అటు పోవచ్చు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకి హైదరాబాదే నయం. కాకపోతే శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఊరి బయట, అక్కడికి మెట్రో లేదు, పుష్పక్ బస్సో క్యాబో పట్టుకోవాలి. మద్రాసులో సెంట్రల్ స్టేషన్ దగ్గర మెట్రో ఎక్కితే మారకుండా ఎయిర్‌పోర్టులోనే దిగొచ్చు.

3. వెనక్కి లెక్కపెట్టండి, అక్టోబరు నుంచి డిసెంబరు అయితే ఇంకో రోజు కలపండి

గోడ మీద క్యాలెండర్ తీసుకుని విమానం ఉన్న రాత్రికి గుండ్రం చుట్టండి. 14 తెల్లవారుజామున విమానమైతే గుండ్రం చుట్టాల్సింది 13కి. 13 ఖాళీ రోజు. 12 బజారు రోజు. 11 కాగితాల రోజు. 10 మధ్యాహ్నానికి మద్రాసు చేరాలి. 11 ఆదివారం అయితే ఇంకొక్క రోజు వెనక్కి జరగండి, బ్యాంకులుండవు.

వానాకాలం సంగతి మనకి వేరే చెప్పక్కర్లేదు గానీ, విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు మా పక్కనే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది, కోవూరు నుంచి ఏటికి అవతలున్న నెల్లూరికి పోవడమే గగనమైంది, ఇంక మద్రాసు మాటేంటి. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకి మద్రాసు ఎయిర్‌పోర్టు రన్‌వే మీదకే నీళ్ళొచ్చి మర్నాటి దాకా మూసేశారు. 2015 డిసెంబరులో అయితే కొన్ని రోజుల పాటు మూతపడింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎయిర్‌పోర్టు మూసేస్తే విమానమే కదలదు, మిమ్మల్ని ఇంకో విమానంలో పంపడమో డబ్బు వెనక్కివ్వడమో వాళ్ళ బాధ్యత. అదే మనుబోలు దగ్గర రోడ్డు మీద నీళ్ళు పారి మీరు ఆగిపోతే, విమానం టైముకి లేచి వెళ్ళిపోతుంది, మీరు రాలేదని రాసుకుంటారు, టికెట్ గంగలో కలిసినట్టే. అందుకే ఆ మూడు నెలల్లో తుపాను వార్త విన్నారంటే, ఇంకా సామాను సర్దడం కాలేదని ఆగకుండా, ఉన్నవి పెట్టెలో పడేసి పెన్న దాటేయండి. మిగిలినవి మద్రాసులో కొనుక్కోవచ్చు.

4. వెళ్ళడం

రైలే మేలు. పినాకినిలో అయితే పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో ఉంటారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, విమానం టికెట్ చేతికొచ్చిన రోజునే రైలు టికెట్ కూడా చూసేయండి. యాప్‌లో సెంట్రల్ అని కొడితే ఎంజీఆర్ పేరుతో వస్తుంది, కంగారు పడకండి, అదే స్టేషన్. అన్ని బళ్ళూ సెంట్రల్‌కి పోవు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరం పోతుంది, అది నిజానికి మనకి కలిసొచ్చేదే, ఎందుకంటే తాంబరం నుంచి లోకల్ ఎక్కితే నాలుగో స్టేషన్ తిరుసూలం, అదే ఎయిర్‌పోర్టుకి ఎదురుగా ఉండేది. ఎయిర్‌పోర్టు దగ్గర్లో గది తీసుకున్నవాళ్ళు దీన్ని చూడండి. సూళ్ళూరుపేట, తడ చుట్టుపక్కల వాళ్ళకి సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్ దాకా లోకల్ బళ్ళుంటాయి, కానీ రెండు పెద్ద పెట్టెలతో ఆఫీసు టైములో లోకల్ ఎక్కే సాహసం చేయకండి.

బస్సులో పోతే ఇప్పుడు మన బస్సులు మాధవరంలో దించుతాయి. పాత లెక్కన కోయంబేడు అనుకుని అక్కడికి బండి తెమ్మని చుట్టాలకి చెప్తే వాళ్ళు అక్కడ, మీరు ఇక్కడ.

కారులో పోయేవాళ్ళు, అద్దె బండి అయితే తమిళనాడు పర్మిట్ సంగతి ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే బోర్డర్ దగ్గర డ్రైవరు దిగి ఫోన్లు చేసుకుంటుంటే మీరు బండిలో కూర్చుని గడియారం చూసుకోవాల్సి వస్తుంది. నేరుగా ఎయిర్‌పోర్టు వైపు పోయేదుంటే పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి పెరుంగళత్తూరులో దిగి, తాంబరం, క్రోంపేట మీదుగా వెనక్కి రండి. మ్యాపులో దూరం ఎక్కువ కనిపిస్తుంది, అయినా సాయంత్రం పూట ఊరి మధ్యలో నుంచి పోవడం కంటే ప్రాణానికి హాయి.

5. గది

బంధువుల ఇల్లా, లాడ్జా అన్నది అందరికీ వచ్చే సందేహం. మనవాళ్ళు చాలామంది రెడ్‌హిల్స్, ఆవడి, అంబత్తూరు, వ్యాసర్‌పాడి వైపు ఉంటారు, అదంతా ఊరికి ఉత్తరం, పడమర. ఎయిర్‌పోర్టు దక్షిణం కొస. మొదటి రెండు రోజులు వాళ్ళింట్లో ఉండండి, ఉండకపోతే పిన్నమ్మ ఊరుకోదు కూడా. చివరి రోజుకి మాత్రం ఎయిర్‌పోర్టుకి దగ్గరగా, మీనంబాక్కం, పల్లావరం వైపో, గిండీ వైపో గది తీసుకోండి. పిన్నమ్మకి "పొద్దున్నే అటువైపు పనుంది" అని చెప్పండి. చిన్న అబద్ధం, పర్లేదు.

గది బుక్ చేసేటప్పుడు చెక్-అవుట్ టైము అడగండి. ఇది నేను తిన్న దెబ్బ. ఎగ్మూరులో ఒక లాడ్జిలో మూడు రోజులకి డబ్బు కట్టి దిగాను, చివరి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి కుర్రాడొచ్చి తలుపు కొట్టాడు. నా విమానం రాత్రి మూడింటికి. ఇంకో రోజు ఉంటానంటే ఆ రోజుకి గది వేరేవాళ్ళకి ఇచ్చేశారట. రెండు పెట్టెలు, ఒక బ్యాగు, ఒక ఊరగాయ డబ్బాతో ఆ లాడ్జి కింద రిసెప్షన్‌లో ప్లాస్టిక్ కుర్చీ మీద తొమ్మిది గంటలు కూర్చున్నాను, బాత్‌రూమ్‌కి పోవాలన్నా పక్కన కూర్చున్న తిరుచ్చి ఆయనకి సామాను అప్పజెప్పి పోవాల్సి వచ్చింది, ఆయన పాపం మంచివాడు. కాబట్టి విమానం అర్ధరాత్రి దాటాక అయితే ఆ రాత్రికి కూడా గదికి డబ్బు కట్టేయండి. సగం రాత్రే కదా, దండగ అనిపిస్తుంది. దండగ కాదని చివర్లో చెప్తాను.

లాడ్జిలో ఆధార్ ఒరిజినల్ చూపిస్తే చాలు, జిరాక్స్ ఇవ్వండి. పాస్‌పోర్టు కౌంటర్‌లో వదలొద్దు, ఎవరు అడిగినా సరే.

6. మొదటి రోజు: కాగితాలు, డబ్బులు

ముందు ఒక హెచ్చరిక. ఈ రోజు కాగితాలు సరిచూసుకోవడానికి, సంపాదించడానికి కాదు. వీసా, మెడికల్, సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఇవేవీ మద్రాసులో మూడు రోజుల్లో అయిపోతాయనుకుని బయలుదేరకండి.

ముఖ్యంగా గల్ఫ్ పోయేవాళ్ళకి చెప్తున్నా. పదో తరగతి పాసు కానివాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ తనిఖీ కావాలి) కింద ఉంటుంది. అట్లాంటి పాస్‌పోర్టుతో కువైట్, సౌదీ, ఖతర్, దుబాయ్ లాంటి చోట్లకి పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి, అది ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా వస్తుంది. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించుకోవాలి, రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా పూర్తిగా వికలాంగులైనా 10 లక్షలు వస్తుంది. ఏజెంటు మీ దగ్గర లక్షలు తీసుకుని ఈ 275 రూపాయల కాగితం ఇవ్వలేదంటే అక్కడే అనుమానించండి. "విజిట్ వీసా మీద ఎక్కేయ్, అక్కడికెళ్ళాక మార్పిద్దాం" అన్నాడంటే మద్రాసు రైలు కూడా ఎక్కకండి. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ఆపేస్తే ఆ అర్ధరాత్రి ఏజెంటు ఫోను ఎత్తడు.

ఆఫ్రికా దేశాలకి పోయేవాళ్ళకి ఎల్లో ఫీవర్ టీకా అవసరం పడొచ్చు, గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ సర్టిఫికెట్ టీకా వేసిన పది రోజుల తర్వాత గానీ చెల్లదు, కాబట్టి అది ఈ మూడు రోజుల లెక్కలోకి రాదు, ముందే ఒకసారి వచ్చి వేయించుకుని పోండి.

ఇంక చేయాల్సినవి. పాస్‌పోర్టులో పేరు, వీసాలో పేరు, టికెట్‌లో పేరు మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా అందరికీ తెలుసు, ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. తేడా ఉంటే ఆ రోజే టికెట్ కొన్నచోటికి ఫోన్ చేసి సరిచేయించుకోవాలి, రాత్రి కౌంటర్ దగ్గర కాదు. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు ఉందో లేదో చూడండి. అన్నిటికీ మూడు సెట్లు జిరాక్స్: ఒకటి పెట్టెలో, ఒకటి చేతిబ్యాగులో, ఒకటి ఇంట్లో వాళ్ళకి. ఫొటోలు తీసి మీ మెయిల్‌కి కూడా పంపుకోండి. చదువుకి పోయే పిల్లలు డిగ్రీ ఒరిజినల్స్, కాలేజీ వాళ్ళు పంపిన కాగితాలు చేతిబ్యాగులోనే పెట్టుకోవాలి. మా స్నేహితుడి కూతురు మార్కుల లిస్టులన్నీ పెద్ద పెట్టెలో, ఆవకాయ పక్కన పెట్టింది. అక్కడ యూనివర్సిటీలో తీసి చూపిస్తే మూడో సెమిస్టరు మీద నూనె మరక, వాసన కూడా బాగానే ఉందట.

డబ్బు సంగతి: చాలా దేశాలకి ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ దాకానే తీసుకెళ్ళొచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోండి. మన రూపాయలైతే 25,000 దాటకూడదు. అణ్ణాశాలైలో, టి.నగర్‌లో డబ్బు మార్చే షాపులు బోలెడు, రెండు మూడు చోట్ల రేటు అడిగి మార్చుకోండి, రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉందా అని చూడండి, బిల్లు అడగండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు వెంట ఉండాలి. ఎయిర్‌పోర్టులో మార్చుకుందాంలే అని వదిలేస్తే రేటు చూసి కళ్ళు తిరుగుతాయి. చిన్న నోట్లు కొన్ని అడిగి తీసుకోండి, దిగగానే నీళ్ళ బాటిల్‌కి వంద డాలర్ల నోటు తీస్తే ఎవడు చిల్లర ఇస్తాడు.

బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించండి. ఈ ఒక్కటీ మర్చిపోయి అక్కడికెళ్ళాక సొంత ఖాతాలో డబ్బు ముట్టుకోలేక అల్లాడినవాళ్ళు నాకు తెలిసి నలుగురున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి.

7. రెండో రోజు: బజారు, పెట్టెలు

టి.నగర్ పోవాలంటే పొద్దున పదింటికే పోండి. రంగనాథన్ వీధి సాయంత్రం పూట జాతరే, జేబు జాగ్రత్త, ఆ రోజు పాస్‌పోర్టు గదిలో తాళం వేసి పోండి. లోకల్‌లో అయితే మాంబలం స్టేషన్ దిగితే వీధి మొదట్లోనే ఉంటారు. ప్లగ్ అడాప్టర్లు, చార్జర్లు కావాలంటే రిచీ స్ట్రీట్. భాషకి భయపడకండి, షాపుల్లో మన ముఖం చూడగానే తెలుగులో మొదలుపెడతారు. రాకపోయినా "ఎవ్వళవు" అంటే ఎంత అని, నూరు అంటే మన నూరే, అక్కడికి బేరం నడుస్తుంది. చుట్టాల ఆడవాళ్ళు తోడొస్తే మాత్రం చీరల షాపు మెట్లెక్కకుండా చూసుకోండి, ఎక్కారంటే మీ అడాప్టర్ సంగతి ఆ రోజుకి మర్చిపోవచ్చు.

కొనాల్సింది తక్కువే ఉంటుంది నిజానికి. అసలు పని రాత్రికి పెట్టెలు తూకం వేయడం. ఎన్ని కిలోలు ఒప్పుకుంటారో టికెట్ మీద ఉంటుంది, అమెరికాకి సాధారణంగా 23 కిలోలవి రెండు అంటారు, అయినా మీ టికెట్ మీద ఏముందో అదే ప్రమాణం. మావాళ్ళు ఇంటి దగ్గర మనుషులు ఎక్కే మెషీన్ మీద పెట్టె పట్టుకుని నిలబడి తూస్తారు, కిలోన్నర అటూ ఇటూ అవుతుంది. నేను రొయ్యల గుంట దగ్గర వాడే వేలాడే కాటా అడిగి తెచ్చుకుంటాను. కొక్కేనికి పెట్టె పిడి తగిలించి ఇద్దరు ఒక కర్రకి వేలాడదీస్తే ముల్లు ఎక్కడ ఆగితే అదే, రొయ్యల సావుకారుని మోసం చేయని కాటా మనల్ని చేస్తుందా. అరకిలో తక్కువకే ఆపండి, చివర్లో ఎవరో ఒకరు ఒక ప్యాకెట్ తెచ్చి ఇది కూడా అంటారు.

తిండి సామాన్ల దగ్గర కొంచెం ఆగి చదవండి, ఇక్కడే మనవాళ్ళు ఇరుక్కుంటారు.

గసగసాలు గల్ఫ్‌కి వద్దు. అక్కడ అది మత్తుమందు లెక్క, దుబాయ్‌లో జైలుకి పోయినవాళ్ళున్నారు. సింగపూర్‌కి కూడా వద్దు. విడిగా ఎవరూ పెట్టరు, నిజమే, కానీ అమ్మ కొట్టిచ్చిన కోడికూర మసాలా పొడిలో ఏమేం వేసిందో అడిగారా? మనవైపు మసాలాలో గసగసాలు లేకుండా ఎన్ని ఇళ్ళలో కొడతారు? అడగండి, వేసిందంటే ఆ పొట్లం తమ్ముడికి వదిలేయండి. ఎండుకొబ్బరి పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు, అందులో నూనె ఉంటుంది, తొందరగా అంటుకుంటుందని. ఊరగాయ చేతిబ్యాగులో ఒప్పుకోరు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. అమెరికాకి కోడి పచ్చడి, మటన్ పచ్చడి, కరివేపాకు, మామిడిపళ్ళు తీసుకెళ్ళకండి, తిండి ఏదున్నా దిగాక ఫారంలో ఉందని రాయండి, రాసి చూపిస్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచిపెడితే ఫైను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్ళు ఇంకా గట్టివాళ్ళు. మలై కాజా తీసుకెళ్ళాలని మనసు లాగుతుంది, పాకం కారకుండా ప్యాక్ చేయగలిగితే సరే గానీ అది పాలతో చేసింది, ఆ దేశం పాల సరుకు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ డబ్బా ఖాళీ రోజున గదిలో కూర్చుని తినేయడం ఉత్తమం.

ఊరగాయ ప్యాకింగ్: సీసా వద్దు, స్టీలు డబ్బా అసలే వద్దు, మూత ఎంత బిగించినా విమానంలో గాలి ఒత్తిడికి నూనె బయటికొస్తుంది. మందం కవరులో పోసి సీల్ వేయించండి, దాన్ని ఇంకో కవరులో, దాన్ని పాత తువ్వాలులో. పెట్టెకి మధ్యలో పెట్టండి, అంచున కాదు.

పవర్ బ్యాంకు చేతిబ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కనిపిస్తే పెట్టె తెరిపిస్తారు. మందులు వాడేవాళ్ళు డాక్టరు చీటీ వెంట పెట్టుకోండి, గల్ఫ్‌కి పోతుంటే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందులు ఊరికే పెట్టుకోవద్దు.

8. ఖాళీ రోజు

ఈ రోజున మీకు ఫోన్లు వస్తాయి. "ఎట్లాగూ ఖాళీయే కదా, ఒకసారి వచ్చిపో" అని పోరూరు నుంచి ఒకరు, ఆవడి నుంచి ఒకరు. పోకండి. ఏదో ఒకటి మిగిలిపోయి ఉంటుంది, పెట్టె చక్రం విరిగి ఉంటుంది, రోమింగ్ ఆన్ కాలేదని తెలుస్తుంది, విమానం టైము మారిందని మెసేజి వస్తుంది. అట్లాంటివాటి కోసమే ఈ రోజు. అవేవీ రాకపోతే అదృష్టం, పొద్దున్నే టి.నగర్‌లో వెంకటనారాయణ రోడ్డులోని టీటీడీ గుడికి పోయి దణ్ణం పెట్టుకుని రండి, పదకొండులోపు గదికి వచ్చేయండి.

మధ్యాహ్నం భోజనం మామూలుగా తినండి. చేపల పులుసు మీద ఎంత ప్రేమ ఉన్నా ఈరోజు హోటల్లో వద్దు. మళ్ళీ ఏడాది దాకా దొరకదని కక్కుర్తి పడి తిని, విమానంలో సీటుకీ టాయిలెట్‌కీ మధ్య పదకొండుసార్లు తిరిగిన పెద్దమనిషి ఒకరు మా వీధిలోనే ఉన్నారు, పేరు అడగొద్దు. పెరుగన్నం తిని రెండింటి నుంచి ఆరింటి దాకా పడుకోండి. నిద్ర రాదు. అయినా ఫోను పక్కన పెట్టి కళ్ళు మూసుకుని పడుకోండి.

పంపించడానికి ఎంతమంది రావాలన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి. ఇద్దరు చాలు. పదకొండు మంది ఒక బండిలో వస్తే వాళ్ళ తిండి, వాళ్ళ బాత్‌రూమ్, వాళ్ళ ఏడుపులు చూసుకునేసరికి పోయే మనిషికి తన పాస్‌పోర్టు ఎక్కడుందో గుర్తుండదు.

9. రాత్రి

విమానానికి నాలుగు గంటల ముందు గుమ్మం దగ్గర ఉండండి. ఇంటర్నేషనల్ వాళ్ళది టెర్మినల్ రెండు, డ్రైవరుకి ఎక్కగానే చెప్పండి. మెట్రోలో పోదామనుకుంటే రాత్రి పదకొండు దాటాక నమ్ముకోవద్దు, కాబట్టి మూడింటి విమానమైనా పదింటికే కదలాలి. ఒక పెట్టె, ఒక బ్యాగు అయితే మెట్రో, రెండు పెద్ద పెట్టెలైతే క్యాబ్.

గుమ్మం దగ్గర టికెట్, పాస్‌పోర్టు చూస్తారు, వెంట వచ్చినవాళ్ళు అక్కడ ఆగిపోతారు. ఏడ్చేది ఏదున్నా గుమ్మానికి ఇవతలే, కానీ పది నిమిషాల్లో. లోపల పెట్టెలు వేసి బోర్డింగ్ పాస్ తీసుకోవడం, ఆ తర్వాత ఇమిగ్రేషన్, ఆ తర్వాత సెక్యూరిటీ. ఇమిగ్రేషన్‌లో ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని అడుగుతారు, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి. మా బామ్మర్ది రెండోసారి వెళ్ళినప్పుడు మొదటిసారి విమానం ఎట్లా పోగొట్టుకున్నాడో ఆఫీసరుకి మొదట్నుంచీ చెప్పబోయాడట, వెనక లైనంతా గునిసింది. పెట్టెలు వేశాక మిగిలిన తూకం రసీదు, సామాను స్టిక్కరు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. సెక్యూరిటీ దాటాక ఒక్క ఫోన్ ఇంటికి, "లోపలికొచ్చేశాను" అని. ఆ ఫోన్ వచ్చేదాకా బయట ఉన్నవాళ్ళు కదలొద్దు, లోపల ఏదైనా తేడా వస్తే పట్టుకోవడానికి మనిషి ఉండాలి.

10. పంపించి తిరిగొచ్చేవాళ్ళకి

ఫోన్ వచ్చేసరికి ఒంటిగంటో, రెండో అవుతుంది. అప్పుడు డ్రైవరుని లేపి, పొద్దున్నే ఇంటికి చేరిపోదాం అని నెల్లూరు రోడ్డు ఎక్కకండి. ఆయన కూడా మీతోపాటు పొద్దుట్నుంచీ మేలుకునే ఉన్నాడు, గుమ్మిడిపూండి దాటాక రోడ్డు తిన్నగా, చీకటిగా, నిద్రపుచ్చేటట్టు ఉంటుంది, రోడ్డు పక్కన ఆపిన లారీకి లైట్లుండవు. రాత్రికి కూడా డబ్బు కట్టి పెట్టమన్న గది గుర్తుందా, అది మీకోసమే. తాళం జేబులో వేసుకుని వచ్చారు కదా, వెళ్ళి పడుకోండి, చెక్-అవుట్ పన్నెండింటికి. లేచి స్నానం చేసి, డ్రైవరుకి కూడా కడుపునిండా పెట్టించి అప్పుడు బండి తీయండి. రైల్లో వచ్చినవాళ్ళకైతే మధ్యాహ్నం రెండు దాటాక సెంట్రల్‌లో పినాకిని ఉంది, అది గూడూరు దాటేసరికి అటువైపు వాడు దిగి ఫోన్ చేస్తాడు, పెట్టె వచ్చిందా, ఊరగాయ కారిందా అని అడగొచ్చు.